కరియకు ఇచ్చిన మందు

పశువైద్యం చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ కాలంలో ఈ పని ఎట్లా ఉండేది సార్?" అని అడుగుతుంటారు. నేను ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ అధికారి నా గురించి ఏమి రాశాడో వాళ్లకు అక్కర్లేదు. నాకూ అవన్నీ సరిగా గుర్తు లేవు. గుర్తున్నదల్లా కొందరు మనుషులు, కొన్ని జంతువులు. అందులోనూ ఒకాయన దగ్గర నేను చూసింది ఎక్కడా రాసి లేదు కాబట్టి రాసి పెడుతున్నాను. ఆయన పేరు శేషగిరిరావు. పెనుకొండలో మా పై అధికారి. చుట్టుపక్కల అందరూ ఆయనను కుక్కల డాక్టరు అనేవాళ్లు. గౌరవంగా మాత్రం కాదు.

హిందూపురంలో మొదటి పాఠం

మద్రాసులో చదువు ముగించుకుని నేను హిందూపురం పశువుల ఆసుపత్రికి వచ్చేటప్పటికి ఇంకా రెండో ప్రపంచ యుద్ధం మొదలు కాలేదు. మాది నెల్లూరు వైపు. ఇక్కడి ఎండకూ, మాటకూ, రాగి సంగటికీ అలవాటు పడటానికి కొంతకాలం పట్టింది. ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందొక రేకుల పంచ, ఎద్దులను కట్టడానికి గుంజలు. సంత రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు వచ్చేవి. కడుపు ఉబ్బిన ఆవులు, మెడ కాయకట్టిన ఎద్దులు, కాలు విరిగిన మేకలు. కుక్కను ఎవరైనా తెచ్చారంటే అది ఏ పెద్ద ఉద్యోగి ఇంటి కుక్కో అయి ఉండేది. పిల్లిని తెచ్చినవాళ్లను నేను చూడనే లేదు.

శేషగిరిరావు గారు మొదటిసారి తనిఖీకి వస్తున్నారని తెలిసి రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి బల్ల మీద పేర్చి పెట్టాను. ఆయన వాటి వైపు చూడలేదు.

"ఈ మధ్య నీ చేతిలో ఏవైనా చచ్చినాయా?" అని అడిగారు.

"పొద్దున ఒక ఎద్దు పోయింది సార్. కడుపు ఉబ్బి."

"కడుపు ఉబ్బే పోయిందని నీకెట్ల తెలుసప్పా? కోసి చూసినావా?"

లేదన్నాను. ఆయన కోటు విప్పి మేకుకు తగిలించి, చొక్కా చేతులు మడుచుకుని ఆసుపత్రి వెనక్కు నడిచారు. ఎద్దు యజమాని ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. అతని పక్కన కూర్చుని కాసేపు ఎద్దు గురించి మాట్లాడి, ఒప్పించి, తానే కత్తి పట్టారు. ఆ ఎద్దు ఎప్పుడో మేతతో పాటు ఒక ఇనుప తీగ ముక్కను మింగింది. అది కడుపు సంచిని పొడుచుకుని గుండెలోకి దిగి ఉంది. నా మందులేవీ దానికి పనికొచ్చేవి కావు. ఆయన నన్ను తిట్టలేదు. తీగ ముక్కను కడిగి నా అరచేతిలో పెట్టారంతే.

ఆయనలో లోపాలు లేవని చెప్పను. ఫైళ్లు పేరుకుపోయేవి. చేయాల్సిన పర్యటనలు చేసేవారు కాదు. పై నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితాలు వస్తే వాటినీ పక్కన పడేసేవారు. తొందరగా విసుక్కునేవారు. చేతికింద పనిచేసేవాళ్లు భోజనానికి పోలేదన్న సంగతి ఆయనకు గుర్తుండేది కాదు. అయినా ఆయన పిలిస్తే నేను రైలెక్కి పెనుకొండకు పరుగెత్తేవాణ్ణి.

రామగిరి పెద్దాయన

పెనుకొండలో ఆయన ఇంటి వెనక ఒక గది ఉండేది. కిటికీ దగ్గర సొంతంగా కొనుక్కున్న మైక్రోస్కోపు. గోడ పొడవునా గాజు జాడీలు, వాటిలో కుక్కలనుంచీ పిల్లులనుంచీ తీసిన గడ్డలు. సర్కారు జీతం ఇచ్చేది ఎద్దులకూ గొర్రెలకూ వైద్యం చేసినందుకు. ఇది మాత్రం ఆయన సొంత పని. కుక్కలకూ పిల్లులకూ వచ్చే క్యాన్సరు ఎక్కడ పుడుతుంది, ఎట్లా పాకుతుంది, ఏది మానుతుంది, ఏది మానదు. ఇదే ఆయన ధ్యాస.

"ఎందుకు సార్ ఇవి?" అని ఒకసారి అడిగాను.

"ఎద్దు ముసలిదైతే అమ్మేస్తాం. గొర్రెను తినేస్తాం. ముసలితనం దాకా మన ఇంట్లోనే బతికేవి ఈ రెండే కదప్పా. మన కూడే తింటాయి, మన పంచలోనే పండుకుంటాయి. మనకు అరవై ఏండ్లకు వచ్చే గడ్డ వీటికి పదేండ్లకే వస్తాది. మనిషిలో అది ఎట్ల నడుస్తాదో చూడాలంటే ఒక బతుకు చాలదు. వీటిల్లో అయితే నా సర్వీసులోనే చూడొచ్చు."

అందుకు ఆయన పడిన తిప్పలు నాకు తెలుసు. రామగిరిలో బంగారు గనులు మూతబడ్డాక కూడా అక్కడే ఉండిపోయిన ఒక ముసలి మేస్త్రీ కుక్క రొమ్ము గడ్డలతో చచ్చిపోయిందని కబురొస్తే ఇద్దరం బండి కట్టించుకుని పోయాం. ఆ పెద్దాయన కుక్కను దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. శేషగిరిరావు గారు కోస్తామన్న మాటే ఎత్తలేదు. మధ్యాహ్నమంతా ఆయనతో పాటు చాప మీద కూర్చుని, ఆ కుక్క ఎట్లాంటిదో, ఏం తినేదో, గడ్డ మొదట ఎక్కడ కనపడిందో వింటూ ఉన్నారు. సాయంత్రమవుతుండగా పెద్దాయనే, "మీరేదో చూడాలని వచ్చినారు కదా, చూసుకోండి. మళ్లీ కుట్టి ఇయ్యండి" అన్నాడు. శేషగిరిరావు గారు కుట్టు కనపడకుండా కుట్టి ఇచ్చారు. తరువాత నేను చాలామంది పరిశోధకులను చూశాను. అట్లా కూర్చోగలిగినవాళ్లు తక్కువ.

ధర్మవరం పిల్లి

ధర్మవరంలో పట్టు నేసే ఇళ్లలో పిల్లులకు మంచి మర్యాద. ఎలుకలు పడితే పట్టునూలు దక్కదు మరి. గడ్డలున్న కుక్కలనూ పిల్లులనూ ఉచితంగా చూస్తామని శేషగిరిరావు గారు ఆ ఊళ్లో దండోరా వేయించారు. ఊరంతా నవ్వింది. గంగాధరప్ప అనే నేతగాడు మాత్రం మమ్మల్ని తన ఇంటికి పిలుచుకుపోయాడు.

మగ్గం పక్కనే అతని భార్య పార్వతమ్మ పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నడి వయసు మనిషి. పిల్లి పొట్ట కింద వరసగా గడ్డలు, ఒకటి పగిలి పుండైంది. శేషగిరిరావు గారు నేల మీద కూర్చుని, వేళ్ల కొసలతో పొట్ట నుంచి చంకల దాకా తడిమి చూశారు.

"ఇది బతకదమ్మా" అన్నారు. "లోపల ఊపిరితిత్తులకు కూడా పోయి ఉంటాది. నొప్పి తెలియకుండా మందిస్తా, అంతే."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ముందే చూపించి ఉంటే?"

"చిన్నగా ఉన్నప్పుడే అయితే కోసి తీసేద్దును. బతికేదేమో."

ఆమె పిల్లి వీపు నిమురుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఇట్లాంటివి మనుషులకూ వస్తాయా సామీ?"

"వస్తాయమ్మా. ఆడవాళ్లకే ఎక్కువ. ఎందుకడుగుతాండావు?"

"ఊరికే."

ఆయన వెంటనే లేవలేదు. "నీకేమైనా ఉంటే చెప్పు. నాకు చెప్పేదానికి సిగ్గైతే ఆడ డాక్టరు దగ్గరికి పంపిస్తా."

"నాకేముంటాది సామీ" అని పిల్లిని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరం తిరుగు రైలెక్కాం. పెనుకొండ వస్తుండగా, "ఆమె ఊరికే అడగలేదప్పా" అన్నారు. కొద్ది రోజులకు తన భార్య కమలమ్మ గారిని వెంటబెట్టుకుని, చీర కొనే నెపంతో ఆ ఇంటికి మళ్లీ పోయారు. ఆడవాళ్లిద్దరినీ లోపలి గదిలో వదిలి ఆయన బయట గంగాధరప్పతో కూర్చున్నారు. పార్వతమ్మ చీరలు చూపించింది, మజ్జిగ ఇచ్చింది, తనకేమీ లేదంది. అంతకు మించి ఒక పరాయి ఇంటి ఆడమనిషిని ఏమని అడుగుతారు?

పిల్లి చచ్చిపోయాక గంగాధరప్పే దాన్ని బుట్టలో పెట్టుకుని రైలెక్కి పెనుకొండకు తెచ్చాడు. శేషగిరిరావు గారు కోసి చూస్తే, ఆయన చెప్పినట్టే ఊపిరితిత్తుల నిండా తెల్లటి పలుకులు. గంగాధరప్ప వంగి చూసి, "మీరు చెయ్యి పెట్టే కనుక్కున్నారు కదా" అన్నాడు ఆశ్చర్యంగా.

పెనుకొండ షెడ్డు

ఆ తరువాత మొదలైంది అసలు పని.

రొళ్ల, అమరాపురం వైపు గొర్రెల కాపరుల కుక్కలకు ఒక గడ్డ పాకింది. మగకుక్కకైనా ఆడకుక్కకైనా జననాంగం మీద ఎర్రటి కండ పూచినట్టు పెరిగి, ముట్టుకుంటే నెత్తురు కారేది. అది గొర్రెలకూ మనుషులకూ తగులుతుందని భయపడి కాపరులు కుక్కలను చంపేయాలనుకున్నారు. శేషగిరిరావు గారు మమ్మల్ని ఊరూరూ తిప్పి, అది కుక్కలు జత కట్టేటప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునేదే తప్ప ఇంక దేనికీ రాదని చెప్పించారు. ఆ కుక్కలను తెస్తే తానే చూస్తానన్నారు. పెనుకొండలో పాత గుర్రాల కొట్టం ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని షెడ్డుగా మార్చారు. నన్ను హిందూపురం నుంచి అక్కడి పనికి రప్పించుకున్నారు.

ఆయన ఒక సంగతి గమనించారు. కొన్ని కుక్కల్లో ఆ గడ్డ కరిగిపోయేది. అట్లా కరిగిన కుక్కకు మళ్లీ తగిలేది కాదు. అంటే మానిన కుక్క నెత్తురులో ఏదో ఉండాలి. ఆ నెత్తురు తీసి, గడ్డకట్టనిచ్చి, పైన తేరిన తేట నీటిని రోగం ఉన్న కుక్కకు సూదితో ఎక్కిస్తే? దానికి కూడా మానితే?

"కుక్కల్లో మానితే..." అని ఆయన ఒకరోజు అని ఆగిపోయారు. తరువాతి మాట ఏమిటో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

షెడ్డుకు వచ్చిన కుక్కలకు ఆయన చీటీలు వేశారు. చీటీ ఒక రకంగా పడిన వాటికి ఆ తేట మందు. రెండో రకంగా పడిన వాటికి అంతే మోతాదు ఉప్పునీళ్లు. సూది వేసేది ఆయన. దారంతో గడ్డ చుట్టుకొలత తీసేది నేను. ఏ కుక్కకు ఏది ఎక్కిందో నాకు చెప్పేవారు కాదు. తెలిస్తే నాకు తెలియకుండానే దారాన్ని బిగించో వదులు చేసో కొలుస్తానని.

నాకది నచ్చలేదు. "మందు చేతిలో పెట్టుకుని సగం కుక్కలకు ఉప్పునీళ్లు ఎక్కించడం పాపం కదా సార్?" అని వాదించాను.

"అది మందని నీకెవరు చెప్పినారు?" అన్నారాయన.

కుక్కల యజమానులకు కూడా ఆయన దాచలేదు. రొళ్ల నుంచి ఈరన్న అనే కాపరి తన నల్లకుక్కను తోలుకొచ్చాడు. దాని పేరు కరియ. తోడేళ్లను ఒంటరిగా తరిమిన కుక్క అని అతనికి ఎక్కడలేని గర్వం.

"నా కరియకు ఏది పడతాదో చెప్పరా సామీ?" అన్నాడు.

"చెప్పనప్పా. నాకు నచ్చిన కుక్కకు మంచిది పెట్టుకుంటే రేపు నా మాట నేనే నమ్మలేను. దానితో తగ్గకపోతే కోసి తీస్తా. ఆ మాట ఇస్తాండా. ఇష్టం లేకుంటే ఇప్పుడే తోలుకొని పో."

ఈరన్న కుక్కనూ ఆయననూ మార్చి మార్చి చూశాడు. "అది లేకుంటే నా మంద నిలవదు. మీరు కోసైనా మాన్పుతామంటాండారు కదా, ఉండనీ" అని ఒక రొట్టె విరిచి కరియకు పెట్టి పోయాడు.

వారాలు గడిచేకొద్దీ నా దారంలో కొన్ని గడ్డలు చిన్నవవుతూ వచ్చాయి. అన్నిటికంటే ముందు కరియది. చివరకు కొలవడానికి ఏమీ మిగల్లేదు. మందు పనిచేస్తోందని నేను నిర్ణయించేసుకున్నాను. ఈరన్న వచ్చి కుక్కను చూసి, దాని ముందు కాళ్లు రెండూ తన భుజాల మీద వేసుకుని ఎగిరాడు. పోతూ పోతూ హిందూపురం సంతలో కనపడినవాళ్లందరికీ చెప్పాడు. సంత నుంచి ఆ మాట వ్యాపారుల వెంట ధర్మవరం చేరింది. చేరేసరికి, పెనుకొండ కుక్కల డాక్టరు సూదితో ఎట్లాంటి గడ్డనైనా కరిగిస్తాడని అయింది.

వాళ్లిద్దరూ వచ్చిన రోజు

ఒకరోజు పొద్దున నేను షెడ్డులో కొలతలు తీస్తుండగా గంగాధరప్ప, పార్వతమ్మ ఆయన ఇంటికి వచ్చారు. నన్ను పిలిస్తే పోయాను. పార్వతమ్మ బాగా చిక్కిపోయింది. కమలమ్మ గారు ఆమెను లోపలికి తీసుకుపోయారు. గంగాధరప్ప శేషగిరిరావు గారి కాళ్లు పట్టుకున్నాడు.

"నా ఇంటిదానికి రొమ్ములో గడ్డ ఉండాది సామీ. ఆ పిల్లికి జబ్బు చేసినప్పుడే ఉండేదంట. నాకు మొన్న చెప్పింది. రొళ్ల కుక్కకు ఏసిన సూది ఏయండి. ఏమైనా పూచీ నాది."

ఆయన గంగాధరప్పను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టారు. "అది మనుషులకు ఏసేది కాదు గంగాధరప్పా."

"కుక్కకు మానింది కదా?"

"దానివల్లే మానిందని ఇంకా తేలలేదు."

"తేలలేదంటే ఎట్ల? ఆ కాపరి చెప్తాండాడు, చూసినోళ్లు చెప్తాండారు. కుక్కకు ఇచ్చేది మనిషికి ఇయ్యరా? మేం కుక్కకంటే తక్కువా?"

ఆ మాటకు ఆయన ముఖం ఎర్రబడింది. అంతలో కమలమ్మ గారు బయటికి వచ్చారు. "గట్టిగా రాయి మాదిరి ఉండాది. ఇంకా పుండు కాలేదు" అని భర్తకు మెల్లగా చెప్పారు.

"అయితే ఈ పొద్దే బెంగళూరుకు పోదాం" అన్నారాయన. "ఆడ పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన సర్జను ఉండాడు. కోసి తీసేస్తాడు."

లోపలి నుంచి పార్వతమ్మ గొంతు వినపడింది. "కోసేదానికి నేను రాను. కోసినాక బతికి వచ్చినోళ్లను నేను చూడలేదు. సూది ఏస్తే ఏయండి. లేదంటే నా ఇంట్లోనే సచ్చిపోతా."

గంగాధరప్ప ఏడుపు మొదలుపెట్టాడు. శేషగిరిరావు గారు పంచలో అటూ ఇటూ నడిచారు. ఒకసారి నా వైపు చూశారు. నా చేతిలో ఇంకా కొలత దారం ఉంది. తరువాత గడప దగ్గరికి పోయి, లోపల ఆమెకు వినపడేటట్టు అన్నారు.

"పార్వతమ్మా, ఆ నల్లకుక్కకు నేను మందు ఏయలేదు. ఉప్పునీళ్లు ఏసినా."

నేను నమ్మలేకపోయాను. ఇన్ని వారాలు కరియను కొలుస్తూ, మందు గెలిచిందని లోలోపల పండగ చేసుకున్నవాణ్ణి నేను.

"అబద్ధం!" అని గంగాధరప్ప లేచాడు. "ఇయ్యడం ఇష్టం లేక చెప్తాండారు."

ఆయన లోపలికే మాట్లాడారు. "దానికి వచ్చిన రకం గడ్డ ఒక్కోసారి దానంతట అదే మానుతాది. నీకొచ్చింది ఆ రకం అయి ఉండదు తల్లీ. నీ పిల్లికి వచ్చిందే అనుకుంటాండా. నువ్వు చూసినావు అది ఎట్ల పోయిందో."

అంత కఠినంగా చెప్పాలా అనిపించింది నాకు. తరువాత పార్వతమ్మ గడప దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. భర్తతో అంది. "ఆయప్ప అబద్ధం చెప్పడు. నా పిల్లి బతకదని నా మొగం మీదనే చెప్పినాడు. వేరే ఎవరైనా అయితే మందిచ్చి దుడ్లు తీసుకుందురు."

తరువాత ఆయనను అడిగింది. "కోస్తే నేను బతుకుతానా సామీ?"

"తెలీదమ్మా. కోయకుంటే ఏమైతాదో మటుకు తెలుసు."

ఆమె కొంగు నిండుగా కప్పుకుంది. "పదండి మరి" అంది.

వాళ్లు ప్రయాణానికి సర్దుకుంటుండగా నేను ఆయనను పక్కకు పిలిచాను. "సార్, నా ముందరే చెప్పేశారు. ఇప్పుడు నా కొలతలు చెల్లవు. ఇంత కాలం పడ్డ కష్టం..."

"పోనీలేప్పా. కుక్కలతో ఇంకొకసారి చేద్దాం" అన్నారు, పెట్టెలో తువ్వాలు పెట్టుకుంటూ. "ఆమెకు ఇంకొకసారి ఉండదు కదా."

బెంగళూరు

యుద్ధపు రోజులు. రైళ్ల నిండా సిపాయిలు. నిలబడటానికి కూడా చోటు లేని పెట్టెలో కమలమ్మ గారు ఎవరినో బతిమాలి పార్వతమ్మను కూర్చోబెట్టారు. నేను షెడ్డులో కుక్కలను చూసుకుంటూ ఉండిపోయాను కాబట్టి అక్కడ జరిగింది ఆవిడ చెప్పగా విన్నదే.

మొదట ఒక ఆడ డాక్టరు చూసింది. మరుసటి రోజే కోయాలన్నారు. మగ డాక్టరు కోస్తాడని తెలిసి పార్వతమ్మ మళ్లీ వెనక్కు తగ్గింది. కమలమ్మ గారు, "నీకు మత్తిచ్చిన దగ్గర్నుంచి నీకు తెలివి వచ్చేదాకా నేను తలుపు కాడే ఉంటా. నీ మొగుడైనా సరే, లోపలికి రానియ్యను" అని మాట ఇచ్చారట. అన్నట్టే ఉన్నారట, భోజనానికి కూడా కదలకుండా.

శేషగిరిరావు గారు సెలవు అడగకుండానే పోయారు. ఆపరేషన్ అయ్యి, పుండు ఆరేవరకు రాలేదు. పై నుంచి మామూలుగానే సంజాయిషీ అడిగారు. పశువుల డాక్టరు ఒక ఆడమనిషి జబ్బు కోసం బెంగళూరులో ఏం చేస్తున్నాడని. ఆ ఒక్క కాగితానికి మాత్రం ఆయన వెంటనే జవాబు రాశారు. ఏం రాశారో నాకు చూపించలేదు. ఆ ఏడు ఆయనకు మద్రాసుకు రావలసిన బదిలీ రాలేదు. దాని గురించి ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

పార్వతమ్మ ఇంటికి వచ్చింది. కోసిన వైపు చెయ్యి వాచి, చాలాకాలం పైకి లేవలేదు. నూలు చుట్టడానికి కూడా ఇబ్బంది పడేది. అయినా మనిషి నిలబడింది.

తేలిన లెక్క

చెప్పినట్టే ఆయన ఇంకొకసారి చేశారు. ఈసారి కొత్త కుక్కలు. కొలవడానికి నన్ను కాదని ఇంకో ఆసుపత్రి నుంచి వేరే డాక్టరును పిలిపించారు. నాకు చిన్నతనం అనిపించింది కానీ ఆయన చేసిందే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

అంతా అయ్యాక చీటీలు విప్పి చూశాం. మందు ఎక్కిన వాటిలో కొన్ని మానాయి. ఉప్పునీళ్లు ఎక్కిన వాటిలోనూ దాదాపు అన్నే మానాయి. రెండింటిలోనూ మానని కుక్కలు ఉన్నాయి. వాటి గడ్డలను ఇచ్చిన మాట ప్రకారం కోసి తీశారు. తేడా అంటూ ఏమీ లేదు.

నేను ఆయన ముఖం వైపు చూడలేక కిటికీలోంచి కొండను చూస్తూ నిలబడ్డాను. ఆయన మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి, "కుక్క తనంతట తాను మానితే మధ్యలో నేను పేరు కొట్టేద్దామని చూసినా" అని నవ్వారు. ఆ నవ్వులో బాధ ఉంది. కోపం లేదు. ఇన్నేళ్లు పెట్టుకున్న ఆశ అట్లా పోయినప్పుడు మనిషి ఎట్లా ఉండాలో ఆ మధ్యాహ్నం చూశాను.

ఆయన దాన్ని దాచలేదు. ఈ మందు పనిచేయదని వివరంగా రాసి పంపించారు. మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్ద అధికారి అది చదివి, "ఇంత కష్టపడింది పనిచేయదని చెప్పడానికా?" అని మా ఎదుటే అడిగాడు.

"పనిచేస్తాదని నమ్మి ఒకాయన తన పెండ్లాన్ని నా దగ్గరికి తెచ్చినాడు సార్" అన్నారు శేషగిరిరావు గారు. "అట్ల ఇంకెవరూ రాకుండా ఉండేదానికి."

అంతటితో ఊరుకోక, రొళ్ల దాకా పోయి ఈరన్నకు కూడా చెప్పారు, నీ కుక్కను మాన్పింది నేను కాదని. నేనూ వెంట ఉన్నాను. ఈరన్న అంతా విన్నాడు. "మీరు పెద్దోళ్లు, అట్లే అంటారులే సామీ" అని రెండు కంబళ్లు తెచ్చి ఒడిలో పెట్టాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. ఆయనకు ఒళ్లు మండింది. దారి పొడవునా, "మందు ఏసినా అనుకొని నమ్మినారు, ఏయలేదంటే నమ్మరే!" అని గొణుక్కుంటూనే ఉన్నారు. కంబళి మాత్రం కప్పుకున్నారు, చలిగా ఉండి.

ధర్మవరం పోయి చెప్పినప్పుడు గంగాధరప్ప తీరు వేరు. మగ్గం ఆపి లేచి నిలబడ్డాడు. మందు పనిచేయలేదని విన్నాడు. "ఆ పొద్దు మీరు సరేనని సూది ఏసుంటే, నేను సంతోషంగా నా ఇంటిదాన్ని వెనక్కి తోలుకొచ్చుందును కదా సామీ" అన్నాడు. "గడ్డ కరుగుతాదని కాచుకొని కూచొని ఉందుం."

శేషగిరిరావు గారు తల ఊపారు. నాకు ఆ రోజు తెలిసింది, మా పనిలో ఇవ్వబోయిన చేయిని ఆపుకోవడం ఎంత కష్టమో. కాళ్లు పట్టుకున్నవాడికి ఏదో ఒకటి ఇచ్చి పంపడం చాలా తేలిక. మీరు కూడా ఆ తేలిక పనే చేయాలనుకునే రోజులు వస్తాయి. మీ దగ్గర మాకంటే మంచి మందులు, మంచి యంత్రాలు ఉన్నాయి. కానీ మందు పనిచేసిందా, జబ్బు దానంతట అది తగ్గిందా అన్నది కనుక్కోవడానికి ఆ ఉప్పునీళ్ల కుక్కలు ఇప్పటికీ కావాలి. మందు కుక్కల పక్కనే వాటినీ ఉంచే ఓపిక మీకు ఉండాలి. అది ఆయన నాకు నేర్పింది. ఎప్పుడు ఆ పనంతా పారేసి రైలెక్కాలో కూడా ఆయనే నేర్పారు. రెండోది ఇంకా కష్టం.

ధర్మవరం ప్యాసింజరు

శేషగిరిరావు గారు ఉద్యోగం విరమించి మడకశిర వైపు తన ఊరికి వెళ్లిపోయారు. ఆ తరువాత కొంతకాలానికి నేను మందుల కోసం హిందూపురంలో ధర్మవరం నుంచి బెంగళూరు పోయే ప్యాసింజరు ఎక్కాను. పెట్టెలో కిటికీ పక్కన పార్వతమ్మ. తల నెరిసింది. పక్కన ఒక చిన్న వయసు ఆడమనిషి ముఖం కొంగుతో కప్పుకుని ఏడుస్తూ ఉంది.

"యాడికి పార్వతమ్మా?" అన్నాను. అప్పటికి నా మాట కూడా ఆ ఊరి మాటే అయింది.

ఆమె నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగి చోటిచ్చింది. "మా వీధి బిడ్డ సామీ. నా మాదిరే గడ్డ. మొన్న స్నానం చేసేటప్పుడు చూసుకున్యాదంట. అత్తకు చెప్పలేదు, మొగునికి చెప్పలేదు, నా కాడికి వచ్చింది. పెద్దాసుపత్రికి తోలుకపోతాండా."

"ఇట్లా ఇంతకు ముందు కూడా ఎవరినైనా తీసుకుపోయావా?"

"పోయినా. బతికినోళ్లు ఉండారు, పోయినోళ్లూ ఉండారు" అంది. "రానంటారు మొదట. నేను రవిక విప్పి నా మచ్చ చూపిస్తా. చూసినాక వస్తారు."

ఆ పిల్ల ఏడుపు ఆపి వింటోంది. బెంగళూరు స్టేషన్లో దిగాక జనం తోసుకుంటూ ఉంటే నేను వాళ్లకు అడ్డంగా నిలబడి, "ఆసుపత్రిలో నాకు తెలిసినవాళ్లు ఉన్నారు. నేను కూడా రానా?" అని అడిగాను.

పార్వతమ్మ ఆ పిల్ల చేయి పట్టుకుంది. వాచిన చేతితోనే పట్టుకుంది.

"వద్దులే సామీ, మీ పని చూసుకోండి" అంది. "ఈడ అందరూ నాకు తెలుసు."

వాళ్లిద్దరూ జనంలోంచి నడిచిపోయారు. పార్వతమ్మ ముందు, ఆ పిల్ల వెనక.